బాడుగ యింటివాని ఓటు

ఓటు మనుష్యునికి గలుగు హక్కా, ఆతడు కాపురముండు నింటికి గలుగు హక్కా యని యెవరైన నడిగినచో నేటి చదువరులకు నవ్వు రావచ్చును. కాని యీ ప్రశ్నను బట్టియే ఇంగ్లండు దేశమున నైదు శతాబ్దములు చట్టములు పుట్టుచు మారుచు వచ్చినవి. ఆ చట్టముల నీడయే 1920 మొదలు మూడు దశాబ్దములు చెన్నపురి రాజధానిలోని మన తెలుగు జిల్లాలపై బడినది. ఇల్లు, భూమి, పన్ను అను మూడు మెట్లలో నేదో యొకటి యెక్కివచ్చినవానికి ఓటుండెను గాని వట్టి మనుష్యునకు లేకుండెను. బాడుగ గదిలో నుండువాడు, నోటిమాట కౌలుపై దున్నువాడు, ఒకరి యింట పనిచేసి యచ్చటనే పరుండువాడు, భర్త పేరనున్న యింట జన్మమంతయు గడపిన యిల్లాలు, వీరందరును ఒక్క గడపకు వెలుపల నిలిచినవారే. వీరెట్లు లోనికి వచ్చిరో తెలిసికొనుట వృథాకాలక్షేపము కాదని మా తలంపు. మా తడవంటి యూళ్లలో నేటికిని కొందరా గడపకడనే నిలిచియున్నారు.

మొదట ఇంగ్లండు సంగతి. 1430వ సంవత్సరపు శాసనమొకటి, కౌంటీలలో ఏటికి 40 షిల్లింగుల యాదాయము వచ్చు సొంతభూమి గలవారు మాత్రమే పార్లమెంటు సభ్యుల నెన్నుకొనవలెనని విధించెను. స్వల్పస్థితిపరులు గుంపులుగా వచ్చి యెన్నికలలో నల్లరి చేయుచున్నారని దానికి జెప్పిన కారణము. ఆ 40 షిల్లింగులు నాలుగు వందల యేండ్లు చెక్కుచెదరక నిలిచినవి. పట్టణములలో నూరికొక యాచారముండెను. 1832లో వచ్చిన సంస్కరణ చట్టము పట్టణములలో ఏటికి 10 పౌనుల విలువగల యింట కాపురముండు పురుషునకు, అది సొంతమైనను బాడుగదైనను, పన్నులు చెల్లించి యుండెనేని ఓటిచ్చెను. బాడుగదారుడు పట్టికలో నెక్కిన పెద్ద సందర్భమిదియే. ఓటరు పురుషుడై యుండవలెనని చట్టములో నోరు విడిచి చెప్పుటయు నప్పుడే. అంతవరకు ఆచారము చేయుచున్న పనిని అక్షరములలో బెట్టి, సంస్కరణ యని పేరిడిరి.

కౌంటీలలో ఏటికి 50 పౌనుల శిస్తు చెల్లించు కౌలుదారులకు గూడ నదే చట్టమున ఓటు లభించెను. ఈ సవరణను కోరినవారు కౌలుదారులు కారు, భూస్వాముల పక్షమువారు. ఎప్పుడైనను వెడలగొట్టదగిన కౌలుదారుని ఓటు ఎవరి దగునో వారికి చక్కగా దెలియును. ఆ కాలమున ఓటరు పదిమంది యెదుట నిలిచి తన యభ్యర్థి పేరు బిగ్గరగా చెప్పవలెను. దానిని వ్రాసికొని పుస్తకములుగా నచ్చొత్తించుటయు గలదు. భూస్వామి గుమాస్తాకు పరిశోధింపవలసిన శ్రమయే లేదు.

ఐర్లండులో నీ యేర్పాటు మరింత ముదిరినది. అచ్చటి భూస్వాములు చిన్న చిన్న కమతములను జీవితకాలపు కౌలునకిచ్చి, ఆ రైతులను 40 షిల్లింగుల ఓటర్లనుగా జేసి, ఎన్నికదినమున మందను దోలినట్లు దోలుకొని పోవుచుండిరి. 1826లో వాటర్‌ఫర్డు కౌంటీలో నా మంద తిరుగబడెను. ఆ సీమ నేలుచున్న బెరెస్‌ఫర్డు వంశీయుని, భూస్వాములకు భయపడవలసిన రైతులే యోడించిరి. 1828లో క్లేరు కౌంటీలో నట్టివారే ఓకానెలును గెలిపించిరి. కాథలిక్కులకు పార్లమెంటు ద్వారము తెరువక ప్రభుత్వమునకు గతిలేకపోయెను. 1829లో ద్వారము తెరచిరి. ఆ చేతితోనే ఐర్లండు కౌంటీలలో ఓటునకు వలసిన విలువను 40 షిల్లింగులనుండి 10 పౌనులకు, అనగా ఐదు రెట్లకు, బెంచిరి. గెలిపించిన రైతులే పట్టికనుండి రాలిపోయిరి. వేల్సు దేశమున 1868 ఎన్నికల పిమ్మట భూస్వామి యిష్టమునకు విరోధముగా ఓటిచ్చిన కౌలురైతులు కొందరు తాతలనాటి కమతముల గోల్పోయిరి. ఆ గోల పార్లమెంటున వినబడుటయు 1872లో రహస్యముగా ఓటువేయు చట్టము వచ్చుటకొక కారణము. ఓటుహక్కు వచ్చుట యొకటి, ఓటు తన చేతిలో నుండుట వేరొకటి. ఈ భేదమును చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. బొబ్బిలి కథ చెప్పునపుడు మరల నక్కరకు వచ్చును.

1867 చట్టము పట్టణములలోని గృహస్థులకు, ఇంటి విలువతో బనిలేకుండ, ఓటిచ్చెను. అయితే కాపురముండువాడు పేదల పన్నును స్వయముగా జెల్లించి యుండవలెను. చిక్కంతయు నిచ్చటనే వచ్చెను. చిన్న యిండ్ల పన్నును యజమానియే కట్టి, దానిని బాడుగలో గలిపి రాబట్టుకొనుట పెక్కు పట్టణముల వాడుక. పన్ను భారము మోయువాడు బాడుగదారుడు, పుస్తకములో బేరు యజమానిది. ఇట్టివారు కొన్ని లక్షలుండిరి. వీరికొరకై హాడ్జ్‌కిన్సన్ అను సభ్యుడు సవరణ తెచ్చి, యజమాని ద్వారా చెల్లించు పద్ధతినే తీసివేయించెను. దానితో బాడుగ తగ్గకయే పన్ను వేరుగా మీదబడి పేదకాపురములు గగ్గోలెత్తినవి. 1869లో మరల యజమాని కట్టవచ్చునని యొప్పుకొని, దానివలన బాడుగదారుని ఓటు పోకుండునట్లు చేసిరి. రెండు సంవత్సరములలో నొక చట్టము మాట, దానికి విరుగుడు!

ఇల్లంతయు గాక యొక గది మాత్రము బాడుగకు దీసికొని యుండువానిని వారు లాడ్జరనిరి. వానికి గూడ 1867లో ఓటు వచ్చినది. వచ్చిన తీరు చూడుడు. సామానులు లేని గదికి ఏటికి 10 పౌనుల బాడుగ రావలెను. జూలై మాసాంతమునకు బూర్వము పండ్రెండు మాసములు ఆ యింటనే యుండవలెను. పక్క వీధికి మారినను ఆ యేటికి ఓటు పోయినట్లే. గృహస్థుని పేరు పన్ను పుస్తకమునుండి తనంత తాను పట్టికలోనికి నడచివచ్చును. లాడ్జరు మాత్రము ఏటేట క్రొత్తగా నర్జీ పెట్టుకొని, ఆక్షేపణ వచ్చినచో పట్టికను సరిదిద్దు న్యాయవాది యెదుట నిరూపించుకొనవలెను. బాడుగలో మంచము, కుర్చీల పాలెంత, నాలుగు గోడల పాలెంత యని లెక్కలు కట్టిరి. తండ్రి యింటనే యుండు ఎదిగిన కుమారుడు గూడ, తండ్రి తనకొక గదిని ప్రత్యేకముగా బాడుగకిచ్చెనని చూపినగాని ఓటరు కాజాలడు. ఈ తగవులను నడుపుటకు రెండు పక్షములవారును జీతములిచ్చి గుమాస్తాలను బెట్టుకొనిరి. రోజుకూలి మానుకొని సాక్ష్యమునకు వచ్చు నోపిక పనివారిలో నెందరికుండును? హక్కు నిచ్చినట్లే యిచ్చి, పుచ్చుకొనువాని కాళ్లరుగునట్లు చేయుట యిదియే.

ఎవడు లాడ్జరు, ఎవడు గృహస్థుడు అనుటకు న్యాయస్థానములు కనిపెట్టిన గురుతు మరింత విచిత్రమైనది. యజమాని యా యింటనే యుండి వీధితలుపుపై నధికారము నడపుచున్నచో లోపలివాడు లాడ్జరు. ఇరువదవ శతాబ్దారంభమున వచ్చిన తీర్పులలో, వీధితలుపు తాళపుచెవి తన వద్దనే యుంచుకొని యిష్టము వచ్చిన వేళ రాకపోకలు చేయువాడు గృహస్థుగా నెన్నబడెను. జనులు వీరిని ‘తాళపుచెవి ఓటర్లు’ అనిరి. పౌరుడా కాడా యని యొక మనుష్యుని జేబు తడవి చూచిన రోజు లవి.

ఇన్ని చట్టములైన పిమ్మటను 1914 నాటి మహాయుద్ధమునకు ముందు ఇంగ్లండున వయస్సు వచ్చిన పురుషులలో నూటికి సుమారు అరువదిమందియే పట్టికలో నుండిరి. స్త్రీ యొక్కతెయు లేదు. యుద్ధభూమికి బోయిన సిపాయికి పండ్రెండు మాసముల నివాసము లేకపోయినందున ఓటు లేదనుట సిగ్గుచేటుగా దోచి, 1918లో పురుషుల విషయమున ఇంటి నిబంధనను తొలగించిరి. ఆ చట్టముననే ముప్పది యేండ్లు నిండిన స్త్రీలకు, తమ ఇంటినిబట్టియో భర్త యింటినిబట్టియో, ఓటిచ్చిరి. సామానులతో గూడిన గదిలో నుండు నవివాహిత, అనగా ఉపాధ్యాయినియో గుమాస్తాయో, పట్టభద్రురాలు కానిచో, ఎన్నేండ్ల వయస్సైనను వెలుపలనే యుండెను. మంచము తనదైన ఓటు, యజమానిదైన లేదు! 1928లో నీ తేడా తొలగెను. అయినను బ్రిటిషు పతాకము క్రింద ఉత్తర ఐర్లండులో స్థానిక ఎన్నికలకు ఇంటి నిబంధన 1969 వరకు నిలిచినది. అచ్చట గృహస్థునకు, ఆతని భార్యకు ఓటు గలదు. వారి యింట నుండు ఎదిగిన బిడ్డలకు, గదివారికి లేదు. కావున పురసంఘము ఒక కుటుంబమునకు ఇల్లిచ్చుటయనగా రెండు ఓట్లిచ్చుటయే. ఏ మతమువారికి నిండ్లివ్వవలెననునది రాజకీయమై, 1968లో వీధుల కెక్కి, ఎంత రక్తపాతమునకు దారితీసెనో లోకము చూచినది.

ఇక మన సీమకు వత్తము. 1884 నాటి చట్టములచే మునిసిపాలిటీలలోను స్థానిక బోర్డులలోను ఎన్నికలకు గొంత చోటు దొరకినను, అది పన్ను చెల్లించువారి వ్యవహారము. 1909 సంస్కరణములలో సామాన్యరైతు పేరు లేదు. 1919 చట్టము ననుసరించి 1920లో జరిగిన చెన్నపురి శాసనసభ యెన్నికలే మన పల్లెలవాడు ఓటుపెట్టెను జూచిన మొదటి సందర్భము. రాజధానిలో నాలుగు కోట్లకు మించిన జనులుండగా పట్టికలో పండ్రెండు లక్షలకు మించినవారు మాత్రముండిరి. నూటికి ముగ్గురు. ఆ ముగ్గురెవరు? గ్రామములలో ఏటికి 10 రూపాయల విలువకు దగ్గని భూమి గల రైతువారీ పట్టాదారు, ఇనాందారు, జమీందారు, జమీలోని రైతు. పట్టణములలో మునిసిపలు పన్ను చెల్లించువారు, చెన్నపట్టణమున గొంత విలువకు మించిన యింట ఆరు మాసములు కాపురమున్నవారు. వీరు గాక ఆదాయపు పన్ను కట్టువారు, సైన్యమునుండి విరమించినవారు. ఇంగ్లండు పది పౌనులు మన పది రూపాయలైనవి.

ఈ నిబంధనలలో నొక చిన్న మాట గలదు. పట్టాదారుని క్రింద కౌలునకు దున్నువానికి గూడ ఓటు గలదట, ఆ కౌలు రిజిష్టరైనచో! మన సీమలో ఏ కౌలుదారుడు రిజిష్టరు కచ్చేరి మెట్లెక్కెను? కౌలు రచ్చబండకడ నోటిమాటతో బుట్టి, కల్లములో ధాన్యము కొలుచుటతో ముగియునది. చట్టములో హక్కు, లోకములో సున్న. ఇంగ్లండున పన్ను పుస్తకము చేసిన పనిని ఇచ్చట రిజిష్టరు పుస్తకము చేసినది. పాలేరు మాట చెప్పనే యక్కరలేదు. మా పులికాటు సరస్సున వలవేసి బ్రతుకు పట్టపువాండ్ర సంగతి యింకను వింత. ఆ జలములో నేనాడు ఎవరు వలవేయవలెనో వారు తమలో దాము వంతులు పెట్టుకొని తరతరములుగా తగవులేక నడపుకొన్నారు. అంతటి పరిపాలనాజ్ఞానము గలవారికి నీటిపై పట్టా లేదు, పడవకు శిస్తు లేదు, కావున ఓటు లేదు. శ్రీహరికోట యడవులలో తేనెయు మూలికలును సేకరించిన యానాదులకు ఇంటిపన్ను వేయుటకు ఇల్లనదగిన దేది?

స్త్రీల విషయమున చెన్నపురి శాసనసభ యొక ఘనతను సంపాదించెను. 1921లో, దేశమున నన్ని రాష్ట్రములకంటె ముందుగా, స్త్రీ యను కారణమున ఓటు నిరాకరింపరాదని తీర్మానించినది. సంతోషమే. అయితే పట్టా, పన్ను నిబంధనలు స్త్రీకిని అవియే. తన పేర పట్టాగల స్త్రీలు ఊరికెందరు? ఇల్లాలు అను మాటలోనే యిల్లున్నది గాని యామె పేర నిల్లు లేదు. 1935 చట్టము దీనికి మందుగా, కొన్ని తరగతులలో భర్త యాస్తిని బట్టి భార్యకు ఓటిచ్చెను. ఇది 1918లో ఇంగ్లండు త్రొక్కిన దారియే. మన మహిళాసంఘములవారు భార్యయను హోదాతో వచ్చు ఓటు తమకు గౌరవము కాదనియు, వయోజనులందరికిని ఓటు కావలెననియు ముందుగనే వాదించియుండిరి. వారి వాదమే ధర్మ్యమని మా యభిప్రాయము. భర్త యాస్తి అమ్ముడుపోయిన దినమున భార్య వివేకము గూడ నమ్ముడుపోవునా?

1935 చట్టముతో పట్టిక విస్తరించెను. ఇంటిపన్ను, వృత్తిపన్ను చెల్లించినవారు, జమీలలో 1908 చట్టము ప్రకారము సాగుహక్కు గల రైతులు, చదువను వ్రాయను నేర్చినవారు చేరిరి. ఈ జమీరైతుల విషయమున నొకింత నిలువవలెను. మా సూళ్ళూరుపేట ప్రాంతమున వేంకటగిరి జమీలోని గ్రామము లనేకము. ఆ రైతుల మొర వినిపించుటకే నెల్లూరు వెంకటరామానాయుడుగారు 1930లో ‘జమీన్ రైతు’ పత్రికను స్థాపించిరి. శిస్తు, నీటితగవులు, బంజరు మేతలు మొదలగు సమస్తవిషయములలోను జమీ కచ్చేరికి లోబడి బ్రతుకు రైతు, ఆ కచ్చేరి ప్రభువునకో ప్రభువు మిత్రునకో విరోధముగా ఓటు వేయగలడా? వేల్సులోని ప్రశ్నయే తెలుగుసీమకు వచ్చినది.

1937లో దానికి జవాబు బొబ్బిలిలో దొరకెను. బొబ్బిలి రాజాగారు అప్పటికి కొన్ని సంవత్సరములు రాజధానికి ప్రధానమంత్రిగా నుండిరి. వారు సొంత సీమలో, తరతరములుగా తమ వంశము పేరు చెప్పిన చేతులెత్తి మ్రొక్కిన జనుల నడుమ నిలిచి, వి.వి. గిరిగారి చేత నోడిపోయిరి. వాటర్‌ఫర్డు రైతులకు లేని సాధనమొకటి మనవారికుండెను. ఆ యెన్నికలలో మన రాజధానిలో పక్షమునకొక రంగు పెట్టె. కాంగ్రెసువారిది పసుపుపెట్టె. అక్షరము రానివాడు గూడ చాటున నిలిచి, తన కాగితమును పసుపుపెట్టెలో వేసి, ఏమియు నెరుగనట్లు వెలుపలికి వచ్చెను. గుమస్తా ముఖము చూచుటయే గాని కాగితము చూడలేడు. 215 స్థానములలో 159 కాంగ్రెసువారికి దక్కినవి. ఆ మంత్రివర్గమున ప్రకాశముగారి యాధ్వర్యమున జమీందారీ విచారణసంఘ మేర్పడినది. 1948లో జమీందారీ రద్దు చట్టమైనది. పట్టాను బట్టి వచ్చిన ఓటు కడకు జమీ పట్టానే మార్చివేసినది.

1948లోనే స్వతంత్రభారతమునకు మొదటి ఓటరు పట్టికల పని ఆరంభమయ్యెను. ఇల్లు, పట్టా, చదువు అను మెట్లన్నియు దీసివేసి, ఇరువదియొక్క యేండ్లు నిండినవారందరిని వ్రాసికొండని యుత్తరువు. దేశవిభజనచే ఇల్లు వాకిలి విడచి వచ్చిన కాందిశీకులకు నివాసకాల మెట్లు చూపవలెనను చిక్కు వచ్చినపుడు, ఇచ్చటనే యుండదలచితిమను వారి వాఙ్మూలమును స్వీకరించిరి. 1951-52 ఎన్నికలకు 17 కోట్లకు మించినవారు పట్టికలో నెక్కిరి. అయినను ఉత్తరదేశమున ముఖ్యముగా, తమ పేరు చెప్పక ఫలాని వాని భార్యననియో తల్లిననియో చెప్పిన స్త్రీలు సుమారు 28 లక్షల మంది పేర్లు తొలగింపవలసివచ్చెను. ఇంటి గడప యంత సులభముగా దాటదగినది కాదు.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టపు ఇరువదవ విభాగమును చదివినప్పుడెల్ల మాకొక యాహ్లాదము గలుగును. ఒక నియోజకవర్గమున ఇల్లు సొంతమై యున్నంతమాత్రమున, స్వాధీనమున నున్నంతమాత్రమున, ఆతడచ్చటి నివాసి యని భావింపరాదని దాని యర్థము. 1430 నాటి శాసనము తలక్రిందైనది. ఇల్లుండియు నివసింపనివానికి అచ్చట ఓటు లేదు. ఇల్లు లేకయు నివసించువానికి గలదు. 1989నుండి వయస్సు పదునెనిమిదికి దిగినది.

చట్ట మిట్లుండగా తడలో నేమి జరుగుచున్నది? 2008లో ఆరంభమైన శ్రీసిటీ పారిశ్రామికవాడ మా సమీపమున వెలసిన పిమ్మట, దూరపు జిల్లాలనుండియు నితర రాష్ట్రములనుండియు యువతీయువకులు పనులకు వచ్చి, మా యూళ్లలో గదులు బాడుగకు దీసికొని, గదికి ముగ్గురు నలుగురు చొప్పున నుందురు. వీరి ఓట్లు పెక్కింటికి స్వగ్రామములలోనే యున్నవి. ఎన్నికదినమున వేతనముతో సెలవు నీయవలెనని చట్టములో 1996నుండి గలదు గాని, శ్రీకాకుళమునకు పోయివచ్చు రైలుచార్జీ సంగతి అందులో లేదు. పోగలిగినవారు పోవుదురు, పోలేనివారు ఊరకుందురు. స్వగ్రామమున ఓటుంచుకొనుట తప్పుకాదు. తాత్కాలికముగా నూరు విడిచినవానికి ఆ హక్కు పోదని చట్టమే చెప్పుచున్నది. కాని యైదారేండ్లుగా నిచ్చటనే నీరు మోసికొని త్రాగుచున్నవాడు ఇచ్చటి పంచాయతికి ఓటరు కాకపోవుటచే, వారి సందులోని మురుగుకాలువ యెవరికిని కనబడుటలేదు. ఓటరు లేని వీధికి అభ్యర్థి వచ్చుట మేమెన్నడును చూడలేదు. రెండు చోట్ల పేరుండరాదు గాని, ఒకచోటినుండి వేరొకచోటికి మార్చుకొనుట కేవలము ఎనిమిదవ నంబరు ఫారముతో నగుపని.

క్రొత్తగా చేరువారికి ఆరవ నంబరు ఫారము. నివాసమునకు రిజిష్టరైన బాడుగ పత్రమును చూపవచ్చునని యందున్నది. మరల ఆ రిజిష్టరే! అయితే ఈసారి యది గతిలేని గడప కాదు. బ్యాంకు పుస్తకము, ఆధారు, గ్యాసు బిల్లు వంటి వేరు సాధనములు గలవు. ఏ పత్రమును లేనిచో పోలింగు కేంద్రపు అధికారి స్వయముగా వచ్చి విచారించి తీరవలెను. ఇల్లే లేక రోడ్డుపక్క పరుండువాని విషయమున, ఆ యధికారి రాత్రివేళ, ఒక్కసారి గాక, వచ్చి వాడచ్చట నిద్రించుట చూడవలెనని యెన్నికల సంఘమువారి యాదేశము. గదులలోని విద్యార్థులు, వసతిగృహములవారు గూడ తామున్నచోట చేరవచ్చును.

మా యూరిలో నడ్డము వచ్చుచున్నది పత్రములు కావు, ఇంటి యజమానుల శంక. బాడుగవాని పేరు తమ యింటినంబరుపై పట్టికలో నెక్కినచో రేపు ఇల్లు ఖాళీచేయక చిక్కులు పెట్టునని జంకుచున్నారు. పట్టికలోని పేరు ఇంటిపై నే స్వామ్యమును గలిగింపదు. ఈ సంగతిని మా వీధిలో నిద్దరు యజమానులకు కూర్చుండబెట్టి చెప్పితిమి. ఒకరు విని, తమ యింటి మేడమీది గదిలోని నలుగురమ్మాయిల ఫారములకు సమ్మతించిరి. రెండవవారు సంక్రాంతి గడచిన పిమ్మట చూతమనిరి.